మన సైన్యానికి మనమే రూల్స్ రాసుకుందాం

ఈ నెల నేను ఒక ఆట గురించి రాస్తున్నాను. ఆట ఎలా ఆడాలో అందరూ చెప్తారు. ఆటకు రూల్స్ ఎలా తయారవుతాయో ఎవరూ చెప్పరు. అది చెప్దామని నా ప్రయత్నం. సుద్దముక్క, నాలుగు చింతపిక్కలు, కొన్ని ఇప్పగింజలు, కొన్ని గులకరాళ్ళు ఉంటే చాలు. పైసా ఖర్చు లేదు.

1. పులి–మేకలోనే అంతా ఉంది

మనందరికీ పులి–మేక ఆట వచ్చు. దీన్నే పులిజూదం అని కూడా అంటారు. పాత గుళ్ళ బండల మీద కూడా ఈ ఆట గీతలు చెక్కి ఉంటాయి. ఊరిని బట్టి లెక్క మారుతుంది గానీ ఎక్కువమంది ఆడేది 3 పులులు, 15 మేకలు, 23 చుక్కలు.

చదరంగంలో రెండు సైన్యాలు ఒకే రకం. తెల్లవాళ్ళకు ఎన్ని గుర్రాలో నల్లవాళ్ళకూ అన్నే గుర్రాలు. పులి–మేకలో అలా కాదు. పులి దూకి మేకను తింటది. మేక దూకలేదు, ఎవరినీ తినలేదు. పైగా 15 మేకలూ బోర్డు మీదకు వచ్చేదాకా ఒక్క మేక కూడా కదలకూడదు. అయినా మేకలు గెలుస్తాయి. ఎలా? అవి ఎక్కువమంది. అన్నీ కలిసి పులికి దారి లేకుండా కట్టేస్తాయి.

ఇప్పుడు ఒక పులిని ఎక్కువ పెడితే ఏమవుతుంది? మేకలకు చాలా కష్టమవుతుంది. నేపాల్ దేశంలో ఇలాంటి ఆటే ఉంది, పేరు బాగ్ చాల్. అందులో 4 పులులు. అయితే వాళ్ళు మేకలను కూడా 20 చేసుకున్నారు, బోర్డును 25 చుక్కలు చేసుకున్నారు. దీని వలన మనకు తెలిసేది ఏమిటంటే, ఒక పక్కకు బలం ఇస్తే రెండో పక్కకు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి. లేదా ఆ బలానికి ఒక ఖరీదు పెట్టాలి.

2. హైటెక్ సిటీలో కూడా ఆడతారంట

మా ఊరి అక్క ఒకామె హైదరాబాద్ హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్ కీపింగ్ పని చేస్తది. 1998లో సైబర్ టవర్స్ మొదలైన మాదాపూర్ దగ్గరే. అక్కడ కొందరు సాఫ్ట్‌వేర్ అన్నలు, అక్కలు శుక్రవారం సాయంత్రం డ్యూటీ అయ్యాక క్యాంటీన్ బల్ల మీద వేలెడంత బొమ్మ సైనికులను పెట్టి ఆడతారంట. టేపుతో కొలిచి బొమ్మను జరుపుతారు. పాచికలు వేసి దెబ్బ తగిలిందా లేదా చూస్తారు. ఒకతను తన సైన్యానికి తనే రూల్స్ రాసి ప్రింటు తీసుకొచ్చాడంట. అంతంత పెద్ద చదువులు చదివినవాళ్ళు ఆ కాగితం మీద అరగంట వాదించుకున్నారని అక్క నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవాలనిపించింది.

ఇలాంటి ఆటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో రైస్‌విట్జ్ అనే సైనిక అధికారి 1824లో మ్యాపు మీద ఆడే యుద్ధం ఆట రూల్స్ అచ్చు వేయించాడు. సైన్యం వాళ్ళు దానితో శిక్షణ పొందేవారు. 1913లో ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే రూల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంగా రాశాడు. 1983లో అదే దేశంలో వార్‌హ్యామర్ అనే ఆట వచ్చింది. ఇలాంటి ఆటల్లో ఒక్కో సైన్యానికి వేరే రూల్స్ ఉంటాయి. ప్రతి సైనికుడికీ ఇన్ని పాయింట్లు అని ఖరీదు ఉంటది. రెండు పక్కలా మొత్తం పాయింట్లు సమానంగా ఉండేలా సైన్యాలను తయారు చేసుకుంటారు. సంతలో తూకం వేసినట్టే అన్నమాట.

3. మన దళం

ఏ సైన్యానికి రూల్స్ రాయాలి అనుకున్నప్పుడు మా గదిలో అందరం ఒకే మాట అన్నాం, మన్యం దళం. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యం ప్రజలు బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడ్డారు. 1882 మద్రాసు అటవీ చట్టం వల్ల పోడు చేసుకోవడానికి, అడవిలో తిరగడానికి ఆంక్షలు వచ్చాయి. దానికి తోడు రోడ్డు పనుల్లో చాలీచాలని కూలీ. అందుకే ఆ పోరాటం వచ్చింది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్తున్నాను, గుర్తు పెట్టుకోండి. ముందు జరిగిన విషయం రాయాలి, తర్వాత దాని పక్కన రూలు రాయాలి. మనకు నచ్చింది రాయకూడదు.

విషయం: 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దళం దాడి చేసి తుపాకులు తీసుకుంది.
రూలు: దళం తుపాకులు లేకుండా మొదలవుతుంది. స్టేషన్ ఖాళీ చేయించి అందులో అడుగు పెట్టిన గింజకు తుపాకి వస్తుంది.

విషయం: దాడికి ముందే మిరపకాయ కట్టిన ఉత్తరం పంపేవారని చెప్పుకుంటారు. దాన్నే మిరపకాయ టపా అంటారు.
రూలు: ఏ స్టేషన్ మీదకు వెళ్తున్నారో ఒక వంతు ముందే పైకి చెప్పాలి. ఇది దళానికి కష్టమే. కానీ ధైర్యం అంటే అదే కదా.

విషయం: 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్ దగ్గర దళం పొంచి ఉండి కొట్టింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు.
రూలు: ఆకుపచ్చ చుక్క మీద ఉన్న గింజ దాగి ఉన్నట్టు. పోలీసు దాన్ని కొట్టలేడు.

విషయం: తర్వాత మలబారు పోలీసు బలగాలు, 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చాయి.
రూలు: ప్రతి 5 వంతులకు పోలీసుకు ఒక కొత్త రాయి వస్తుంది.

విషయం: 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును పట్టుకుని కాల్చి చంపారు. కానీ గాం గంటందొర వెంటనే లొంగిపోలేదు, జూన్‌లో చనిపోయే వరకు పోరాడాడు. గాం మల్లుదొర అండమాన్ జైలుకు వెళ్ళి వచ్చి 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు.
రూలు: నాయకుడి గింజ పోయినా ఆట అయిపోదు.

ఈ చివరి రూలు నాకు అన్నిటికన్నా ముఖ్యం. చదరంగంలో రాజు పోతే ఆట ముగుస్తుంది. మన కథలో అలా జరగలేదు. నాయకుడి బొమ్మ ఒక్కటే నిలబెడతారు గానీ, ఆయన వెనుక నడిచినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు. ఆ ఒక్క రూలు ఉంటే ఆట ఆడే ప్రతిసారీ వాళ్ళు గుర్తుకొస్తారు.

4. ఆట ఏర్పాటు

నిలువు గీతలు 5, అడ్డ గీతలు 5 గీస్తే 25 చుక్కలు వస్తాయి. 3 చుక్కలకు చదరం గీయండి, అవి స్టేషన్లు. 10 చుక్కలకు ఆకుపచ్చ సుద్ద పూయండి, అది అడవి.

దళానికి 9 ఇప్పగింజలు. అందులో ఒకదానికి ఎర్ర ఇంకు చుక్క పెడితే అది నాయకుడు. గింజలు అడవి చుక్కల మీద మొదలవుతాయి. పోలీసుకు 6 గులకరాళ్ళు, స్టేషన్‌కు రెండు చొప్పున. ఒక వంతులో ఒక కాయను ఒక చుక్క జరపవచ్చు, లేదా పక్క చుక్కలో ఉన్న శత్రువును కొట్టవచ్చు.

కొట్టడానికి పాచికలు లేవు కదా. 4 చింతపిక్కలను ఒక వైపు బండ మీద తెల్లగా అరగదీయండి. తుపాకి లేనివాళ్ళకు 3 గానీ 4 గానీ తెల్లగా పడాలి. తుపాకి ఉన్నవాళ్ళకు 2 పడినా చాలు. పోలీసులందరికీ తుపాకి ఉంటుంది. లెక్క చూడండి: 4 పిక్కలు పడే విధాలు 2×2×2×2, అంటే 16. మూడు, అంతకన్నా ఎక్కువ తెల్లవి వచ్చేవి 5 విధాలు. రెండు, అంతకన్నా ఎక్కువ వచ్చేవి 11 విధాలు. తుపాకికి ఎంత తేడా ఉందో చూశారా! నాయకుడు పక్కన ఉంటే దళం 5 పిక్కలు వేయవచ్చు. అప్పుడు తుపాకి లేకపోయినా 32లో 16 విధాలు తగులుతాయి, అంటే సగం. పిక్కలు సరిగ్గా అరగకపోతే లెక్క తప్పుతుంది. కాబట్టి ముందు ఒక్కో పిక్కను 50 సార్లు వేసి చూసుకోండి.

ఇప్పుడు తూకం. తుపాకి లేని గింజకు 1 పాయింటు, తుపాకి ఉన్న రాయికి 2 పాయింట్లు. పోలీసుకు 6×2 = 12. దళానికి 9, దాగే శక్తికి 2, నాయకుడికి 1, మొత్తం 12.

20 వంతుల్లో మూడు స్టేషన్లూ తీసుకుంటే దళం గెలిచినట్టు. లేకపోతే పోలీసు గెలిచినట్టు.

5. ఆడి చూస్తేనే తెలుస్తది

కాగితం మీద తూకం సరిపోతే చాలదు. మేము మొదట 5 ఆటలు ఆడాం. అయిదూ దళమే గెలిచింది. అడవిలో కూర్చుని కొడుతుంటే పోలీసు ఏమీ చేయలేకపోయాడు. మా గదిలో కొందరు “మనోళ్ళే గెలవాలి కదా, బాగుంది, అట్లే ఉంచుదాం” అన్నారు. అప్పుడు నేను అడిగాను: “సరే, రేపు పోలీసు పక్క ఎవరు కూర్చుంటారు?” ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

ఎవరూ కూర్చోని పక్క ఉంటే అది ఆట కాదు. ఇంకొక మాట. మన పెద్దవాళ్ళు తప్పకుండా గెలుస్తామని తెలిసి పోరాడలేదు. ఎదుటివాళ్ళకు తుపాకులు, సైన్యం, డబ్బు ఉన్నాయని తెలిసీ పోరాడారు. ఎప్పుడూ గెలిచేలా రూలు రాస్తే వాళ్ళ కష్టాన్ని మనమే తగ్గించినట్టు.

అందుకని ఒక్క మాట చేర్చాం: అడవి చుక్క నుండి కొట్టిన గింజ చప్పుడు వినిపించింది కాబట్టి, వేరే చుక్కకు జరిగేదాకా అది దాగి ఉన్నట్టు కాదు. తర్వాత 10 ఆటలు ఆడాం. దళం 6 గెలిచింది, పోలీసు 4. ఇప్పుడు రెండు పక్కలా కూర్చోవడానికి పోటీ పడుతున్నారు.

కావున రూలు రాసేవాళ్ళు మూడు ప్రశ్నలు వేసుకోవాలి:
(అ) ఈ రూలు నిజంగా జరిగిన దాని నుంచి వచ్చిందా?
(ఆ) ఈ బలానికి ఖరీదు ఏమిటి?
(ఇ) ఎదుటి పక్కన నేను కూర్చుంటానా?

మూడో ప్రశ్నకు అవును అని చెప్పగలిగితేనే ఆ రూలు ఉంచండి. ఇది ఆటకే కాదు, మన గదిలో నీళ్ళ బకెట్ల వంతులకు కూడా పనికొస్తుందని నా అభిప్రాయం.

గోండు చెల్లెళ్ళకు ఒక విన్నపం. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం చేసిన పోరాటానికి మీరు రూల్స్ రాయండి. మీ తాతలు, అవ్వలు చెప్పిన సంగతులు మీకే బాగా తెలుసు. తెల్ల కాగితం మీద రాసి మా గదిలో ఇవ్వండి. ఆదివారం స్టడీ అవర్ అయ్యాక వరండాలో సుద్దతో గీసి ఆడి చూద్దాం. ఆట అయ్యాక వరండా మేమే తుడుస్తాం, మేడం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని