గోటీలాటలో ప్రాణం పోతే తప్పెవరిది?
కొరియా సీరియల్ 'స్క్విడ్ గేమ్' మన ఊళ్లకు వేసిన ప్రశ్న

ఆడితే చావు... ఆడకపోతే అప్పు! రెండింటిలో ఏది నయం?

'స్క్విడ్ గేమ్' చూసినవాళ్లను ఈ మాట అడిగి చూడండి. వెంటనే జవాబు చెప్పలేరు. 2021 సెప్టెంబర్ 17న నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ఈ కొరియా సీరియల్ 2024 డిసెంబర్‌లో రెండో భాగం, 2025 జూన్‌లో మూడో భాగంతో ముగిసింది. మొత్తం 22 ఎపిసోడ్లు. తెలుగు మాటలతోనూ వచ్చింది కనుక మన కుర్రకారు చేతుల్లోని ఫోన్లదాకా చేరిపోయింది. రక్తపాతం వల్లే ఇంత పేరొచ్చిందని చాలామంది అనుకుంటారు. అదేం కాదు సుమా! రక్తం మన సినిమాల్లో తక్కువ పారుతోందా? ఇందులో గుండెను పట్టి లాగేది అప్పు. అప్పులో మునిగిన మనిషి ఎంతవరకు మనిషిగా ఉండగలడన్నదే అసలు కథ.

దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యూక్ ఈ కథ అనుకున్నది 2008-09 ప్రాంతంలో. అప్పుడాయన చేతిలో డబ్బు ఆడక, రాసుకునే ల్యాప్‌టాప్‌ను కూడా అమ్ముకున్నాడు. దాదాపు పదేళ్లు ఏ నిర్మాతా ముందుకు రాలేదు. చివరికి తీశాక ఏమైందో మీకు తెలిసిందే. 2022 సెప్టెంబర్‌లో ఆయనకు ఉత్తమ దర్శకుడిగా, హీరో లీ జంగ్-జేకి ఉత్తమ నటుడిగా ఎమ్మీ అవార్డులు వచ్చాయి!

హీరో గి-హున్ కార్ల కంపెనీలో ఉద్యోగం ఊడిన కార్మికుడు. 2009లో కొరియాలోని సాంగ్‌యాంగ్ మోటార్స్ కార్మికులు 77 రోజులపాటు ఫ్యాక్టరీని పట్టుకుని చేసిన సమ్మె ఈ పాత్రకు ప్రేరణ. ఉద్యోగం పోయాక గి-హున్ గుర్రప్పందాల్లో పడ్డాడు. తల్లి బ్యాంకు కార్డు ఎత్తుకెళ్లాడు. ఆమెకు షుగరు ముదిరి కాళ్లు పుళ్లు పడితే వైద్యానికి డబ్బు లేదు. అప్పుడు వచ్చింది పిలుపు. 456 మంది, ఆరు ఆటలు, గెలిచినవాడికి 4,560 కోట్ల వాన్లు. అన్నీ చిన్నపిల్లల ఆటలే. ఓడితే మాత్రం ప్రాణం పోతుంది.

'ఎవరూ బలవంతపెట్టలేదు కదా!'

మొదటి ఆటలోనే 255 మంది నేలకొరిగారు. మిగిలిన 201 మంది హడలిపోయి ఓటు వేశారు. 101 మంది 'వద్దు' అన్నారు, 100 మంది 'ఆడదాం' అన్నారు. ఆట ఆగింది, అందరూ ఇళ్లకు పోయారు. ఇక్కడితో కథ కంచికి వెళ్లిపోవాలి. కానీ కొద్దిరోజులకే 187 మంది తిరిగి వచ్చేశారు! రానివారు 14 మందే.

సీరియల్ మొత్తంలో నన్ను భయపెట్టింది తుపాకులు కాదు, ఈ 187 అంకె. ఆట నడిపించే పెద్దమనుషుల వాదనంతా దీనిమీదే ఆధారపడి ఉంది. "మేం తీసుకురాలేదు, వాళ్లే వచ్చారు" అంటారు. రెండో భాగంలో ప్రతి ఆట తర్వాతా ఓటింగు పెట్టారు. అక్కడా ఒక్క ఓటు తేడాతో ఆట సాగుతుంది. ఓటు వేసే హక్కు ఇచ్చారు, బయట బతికే దారి మాత్రం ఇవ్వలేదు. దీన్ని ఇష్టం అనాలా, గత్యంతరం లేకపోవడం అనాలా?

ఈ ప్రశ్న పట్టుకుని నేను జనగామ, మానుకోట, భూపాలపల్లి తిరిగాను. ఈ మూడూ 2016 అక్టోబర్‌దాకా ఒకే వరంగల్ జిల్లా. ఆ జిల్లాకు అప్పు సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. 1997-98లో పత్తి పంట పురుగుల పాలైనప్పుడు ఇక్కడి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న వార్తలు దేశాన్ని కుదిపేశాయి.

జనగామ స్టేషన్ దగ్గర టీ తాగుతున్న నలుగురు కుర్రాళ్లను అడిగాను, మీరైతే ఎక్కడుంటారు, 187లోనా, 14లోనా అని. నలుగురూ ఛాతీ విరుచుకుని 14 అన్నారు! టీ అయ్యాక ఒకడు వెనకాలే వచ్చి, ఫోన్లో తీసుకున్న అప్పు కట్టలేక ఇంకో యాప్‌లో అప్పు తీసుకున్నానని, తనైతే 187లోనే ఉండేవాడినని మెల్లగా చెప్పాడు. ఆ మాట స్నేహితుల ముందు అనలేకపోయాడు. అప్పుతోపాటు వచ్చే సిగ్గు అలాంటిది.

గోటీలు... గ్రూపు అప్పులు

చూసినవాళ్లెవరూ మరచిపోలేనిది ఆరో ఎపిసోడ్, గోటీలాట. (కోస్తావాళ్లు గోలీలంటారు.) ఇద్దరిద్దరు జట్టు కట్టండి అన్నారు. అందరూ తమకు ఇష్టమైనవాళ్లనే ఎంచుకున్నారు. భార్యాభర్తలు ఒక జట్టయ్యారు. ఆ తర్వాత గాని తెలియలేదు, జట్టులో ఒక్కరే బతుకుతారని!

పెద్ద చదువు చదివిన సాంగ్-వూ, తనను అన్నలా నమ్మిన వలస కూలీ అలీని మోసగించి, గోటీల సంచిలో రాళ్లు పోసిచ్చాడు. అలీగా నటించిన అనుపమ్ త్రిపాఠి మన ఢిల్లీ కుర్రాడే. రాళ్లు చూసుకున్న క్షణంలో అతని ముఖం చూస్తే కన్నీళ్లు ఆగవు. మన హీరో గి-హున్ ఏం తక్కువ తిన్నాడా? మతిమరుపు ముసలాయన్ని మాయచేసి గోటీలు కాజేయబోయాడు. ఇక జి-యోంగ్ అనే అమ్మాయి తనకంటూ ఎవరూ లేరని, తమ్ముడికోసం బతకాల్సిన సే-బ్యోక్‌కు ఆట వదిలేసింది. నిబంధన ఒక్కటే. ఒకడు మోసం చేశాడు, ఒకడు తడబడ్డాడు, ఒకతె ప్రాణమిచ్చింది. పరిస్థితే మనిషిని చెడగొడుతుందనే మాట సగమే నిజమని ఈ ఎపిసోడ్ చెబుతుంది.

మానుకోటలో ఈ కథ సీరియల్ చూడని ఒకావిడకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు! తమ వాడకట్టులో గ్రూపు లోన్ల కాలం గుర్తుచేసింది. మైక్రో ఫైనాన్సు పద్ధతి తెలుసు కదా? ఐదుగురు ఆడవాళ్లను ఒక గ్రూపు చేస్తారు. ఒకరు కిస్తీ కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలి. కాబట్టి కంపెనీవాడు తిట్టనక్కర్లేదు, ఇరుగుపొరుగే వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చుంటారు! నమ్మకం ఉన్నవాళ్లనే ఏరుకుని జట్టు కడతారు, చివరికి ఆ నమ్మకాన్నే వసూలు సాధనం చేస్తారు. గోటీలాట ఇదే కాదా? అవమానాలు, చావులు పెరిగాకే 2010 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, బలవంతపు వసూళ్లను కట్టడి చేసి, వారం కిస్తీలను నెల కిస్తీలుగా మార్చింది. ఆట నిబంధన మార్చొచ్చన్నమాట!

గని చెప్పిన నీతి

హన్మకొండలో బస్సెక్కి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరాను. సింగరేణి బొగ్గు ఊరు. గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తాడు లాగే ఆట గురించి విని నవ్వాడు. భూమిలోపల ఒక్కడే బతకాలనుకున్నవాడు ముందు పోతాడని, పైకప్పు చప్పుడు పక్కవాడికి వినిపిస్తేనే మనం బయటపడతామని ఆయన అనుభవం. సీరియల్లోనూ గి-హున్ జట్టు తాడాటలో బలమైనవాళ్లమీద గెలిచింది అలాగే. ముసలాయన చెప్పిన ఉపాయం, అందరి అడుగూ ఒక్కటి కావడం!

మరి మూడో భాగంలో? దాగుడుమూతల ఆటలో కొడుకు తాను బతకడానికి ఓ బాలింతమీద కత్తి ఎత్తితే, కన్నతల్లే జడసూదితో అతణ్ని పొడిచి ఆపింది. కొడుకు దక్కలేదు. ఆమే బతకలేకపోయింది. చివర్లో గి-హున్ ఆ పసిబిడ్డను గెలిపించి తాను పోయాడు. మంచివాళ్లు గెలిచారని దర్శకుడు చెప్పలేదు. మంచితనం మిగిలిందని మాత్రం చూపించాడు.

ఇక్కడ నాకొక సంగతి తోచింది. జనగామ జిల్లా పాలకుర్తిలో 1940లలో చాకలి ఐలమ్మ పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే, ఆమె ఒంటరిగా ఓడిపోలేదు. సంఘం జనం వచ్చి నిలబడ్డారు, ధాన్యం ఆమె ఇంటికే చేరింది. గి-హున్ తిరుగుబాటు విఫలమైంది, ఐలమ్మది నిలిచింది. తేడా ఎక్కడంటే ఆమెకు గోడ బయట జనం ఉన్నారు. ద్వీపంలో బంధించి ఆడించేది అందుకే!

ఇప్పటి ద్వీపం మన జేబులోనే ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగదారులు ఉంటూనే ఉంటాయి. వాటికి ప్రచారం చేసే తారల్ని చూసి మోసపోకండి. గి-హున్‌కు సూటుబూటు వేసుకుని కార్డిచ్చినవాడూ అందగాడే!

పాఠకుల్లో ఎవరైనా అలా చిక్కుకుని ఉంటే సిగ్గుపడి ఒంటరిగా కూర్చోకండి. డబ్బు మోసమైతే 1930కి, మనసు బాగోకపోతే 14416కు ఫోన్ చేయండి. అంతకన్నా ముందు ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో చెప్పండి. టీకొట్టులో ఛాతీ విరుచుకున్న మిగతా ముగ్గుర్లో ఎందరు నిజం చెప్పారో నాకు అనుమానమే. నాలుగో కుర్రాడు నా వెనక వచ్చి చెప్పిన మాట వాళ్ల ముందే చెప్పగలిగి ఉంటే, ఓటు 14 వైపు ఒకటి పెరిగేది!