మీకు తెలుసా? బ్రాకెట్ బయటి అంకెకు బలమెక్కువ!
గోడలకు వేసే తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. కాల్షియం అయాన్ ఆవేశం +2, హైడ్రాక్సైడ్‌ది −1. ఆవేశాలు సరిపోవాలంటే ఒక కాల్షియంకు రెండు హైడ్రాక్సైడ్‌లు కావాలి. అందుకే ఫార్ములా సీఏ(ఓహెచ్)₂. బ్రాకెట్ తీసేస్తే ఆ 2 హైడ్రోజన్‌కే వర్తిస్తుంది, ఒక ఆక్సిజన్ లెక్క తప్పుతుంది.

పొలంలో చల్లే అమోనియం సల్ఫేట్‌లో బ్రాకెట్ మొదటి అయాన్‌కు పడుతుంది: (ఎన్‌హెచ్₄)₂ఎస్‌ఓ₄. అమోనియం ఆవేశం +1, సల్ఫేట్‌ది −2 కదా! బయటి 2 వల్ల నైట్రోజన్ పరమాణువులు రెండయ్యాయి. ఆ ఎరువు బరువులో దాదాపు 21 శాతం నైట్రోజనే.

సోడియం కార్బోనేట్‌లో కార్బోనేట్ ఒక్కటే కాబట్టి బ్రాకెట్ అక్కర్లేదు: ఎన్‌ఏ₂సీఓ₃.

అయాన్ లోపలి అంకెను మాత్రం ఎన్నడూ ముట్టుకోకూడదు. సల్ఫేట్‌లోని 4ను 3 చేస్తే అది సల్ఫైట్ అయిపోతుంది!