చెరువు కట్ట దాకా సైకిల్... ఎవరికి ఏ దారి?

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులకు, జలాశయాలకు కొదవ లేదు. లారీలకు, పొగ గొట్టాలకు కూడా కొదవ లేదు. సైకిల్ తొక్కిన ఫలితం ఒంటికి పట్టాలంటే ఏ దారిలో, ఏ వేళలో, ఎంత దూరం వెళ్లాలో ముందే తేల్చుకోవాలి.

బీరంగూడలోనో, అమీన్‌పూర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్లినా రెండు మూడు గేర్ సైకిళ్లు దుమ్ము పట్టి కనిపిస్తాయి. షుగర్ ఉందని డాక్టర్ చెప్పాకో, కొత్త సంవత్సరం ఒట్టు పెట్టుకునో కొన్నవే. మొదటి ఆదివారం హుషారుగా ముంబయి హైవే ఎక్కి ఉంటారు. పక్కనుంచి కంటెయినర్ లారీ దూసుకుపోయేసరికి గుండె ఝల్లుమని ఉంటుంది. రెండో ఆదివారం మోకాలు పట్టేసి ఉంటుంది. మూడో ఆదివారం నుంచి సైకిల్ సెల్లార్ దాటి రాదు. ఇందులో తప్పు సైకిల్‌దీ కాదు, మనిషిదీ కాదు. చాలాసార్లు దారి ఎంపికలోనే తేడా వస్తుంది.

పటాన్‌చెరు పేరు చివరే చెరువు ఉంది. ఊళ్లో సాకి చెరువు, పక్కనే అమీన్‌పూర్ పెద్ద చెరువు, సంగారెడ్డిలో మహబూబ్ సాగర్, కొంచెం అవతల మంజీరా, ఇంకా పైకి వెళితే సింగూరు. తొక్కడం నేర్చుకుంటున్న వారి నుంచి వంద కిలోమీటర్లు అలవోకగా తొక్కేవారి వరకు అందరికీ తగిన దూరాలు ఇక్కడ ఉన్నాయి. వాటిని మెట్లుగా ఎక్కాలి, ఒక్క గెంతులో కాదు.

ముందు గాలి సంగతి

ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీల్చుకుంటాం. గట్టిగా సైకిల్ తొక్కేటప్పుడు అది 50 లీటర్లు దాటిపోతుంది. అంటే మంచి గాలి అయితే మంచి అంతగా, చెడు గాలి అయితే చెడు అంతగా లోపలికి వెళ్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాలను గుర్తించినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం ఆ జాబితాలో ఉంది. ఇక్కడ సైకిల్ తొక్కేవారు వాతావరణం చూసినట్టే గాలినీ చూసుకోవాలి.

తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందని మనందరి నమ్మకం. చలికాలంలో ఇది అన్నివేళలా నిజం కాదు. రాత్రంతా నేల చల్లబడి, దాని మీది గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, దుమ్ము, రసాయనాల ఆవిరి ఆ మూత కిందే చిక్కుకుంటాయి. ఎండ తగిలి నేల వేడెక్కాకే అవి చెదిరిపోతాయి. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయం ఏడున్నర, ఎనిమిది తర్వాత బయల్దేరడం మేలు. వేసవిలో మాత్రం ఎండ ముదరకముందే, ఎనిమిదింటికల్లా ఇంటికి చేరాలి.

ఈ ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారంలలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలున్నాయి. ఆ అంకెలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో చూడొచ్చు. సూచీ 100 లోపు ఉంటే నిశ్చింతగా వెళ్లండి. 100 దాటితే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు, పిల్లలు, పెద్దవారు దూరం తగ్గించుకోవాలి. 200 దాటితే ఆ రోజుకి ఇంట్లోనే యోగాసనాలు వేసుకోండి. అంకె ఎంతున్నా సరే, ముక్కుకు రసాయనాల ఘాటు తగిలితే వెనక్కి తిరగండి. మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఆవిర్లను ఆపలేదు. పైగా ఆయాసం పెంచుతుంది.

మొదటి మెట్టు: 5 నుంచి 8 కిలోమీటర్లు

ఏళ్ల తర్వాత సైకిల్ ఎక్కుతున్నవారు, బరువు ఎక్కువున్నవారు, అరవై దాటినవారు, పిల్లలు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఈ దశలో చెరువు అందం కన్నా లారీ లేని దారి ముఖ్యం. అందుకు కొల్లూరు వద్ద మొదలయ్యే ఔటర్ రింగ్ రోడ్డు సైకిల్ ట్రాక్‌ను మించింది లేదు. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. అందులో నార్సింగి–కొల్లూరు భాగం 14.5 కిలోమీటర్లు. పైన సౌర ఫలకాల కప్పు ఉండటంతో ఎండ నేరుగా తగలదు. పక్కనే వాహనాలు తిరుగుతుంటాయి కాబట్టి అది పల్లెటూరి గాలేమీ కాదు. కానీ వెనక నుంచి హారన్ మోగుతుందన్న భయం లేకుండా తొక్కొచ్చు. కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లి, 3 కిలోమీటర్లు వెళ్లి 3 కిలోమీటర్లు తిరిగొస్తే మొదటి వారానికి చాలు.

సంగారెడ్డి వాసులకు ఊళ్లోనే మహబూబ్ సాగర్ ఉంది. ఆదివారం పొద్దున్నే బజారు లేవకముందే చెరువు దాకా వెళ్లి, సైకిల్ ఆపి, కట్ట మీద పది నిమిషాలు నడిచి రండి. అమీన్‌పూర్, బీరంగూడ వారికి పెద్ద చెరువు దగ్గర. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర ప్రాంతపు చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. పిల్లల చేతికి బైనాక్యులర్ ఇస్తే వచ్చే వారం వాళ్లే మిమ్మల్ని నిద్ర లేపుతారు.

రెండో మెట్టు: 15 నుంచి 30 కిలోమీటర్లు

మొదటి మెట్టులో కనీసం నాలుగు వారాలు, వారానికి మూడు రోజులు తొక్కాక ఇటు రండి. తొక్కుతూ పక్కవారితో మాట తడబడకుండా మాట్లాడగలగాలి. మర్నాడు మోకాలు, నడుము నొప్పి ఉండకూడదు. ఈ రెండూ కుదిరితేనే ముందుకు.

సంగారెడ్డి నుంచి కల్పగూరు మీదుగా మంజీరా దాకా వెళ్లి రావడం ఈ మెట్టుకు సరిపోతుంది. అటూ ఇటూ కలిపి 15 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. కల్పగూరులో కాకతీయుల కాలం నాటి కాశీ విశ్వేశ్వరాలయం దగ్గర ఆగి మంచినీళ్లు తాగొచ్చు. మంజీరా వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడింది. మగ్గర్ జాతి మొసళ్ల సంరక్షణే దాని ముఖ్య ఉద్దేశం. కాబట్టి కాళ్లు కడుక్కుందామని నీళ్లలోకి దిగకండి. లోపలికి వెళ్లాలంటే అటవీ సిబ్బందిని అడిగి వెళ్లండి.

పటాన్‌చెరు, రామచంద్రాపురం వారికి మరో దారి. కొల్లూరు నుంచి నార్సింగి దాకా ట్రాక్ పూర్తిగా వెళ్లి వస్తే 29 కిలోమీటర్లు. ఓపిక ఉంటే నార్సింగి దగ్గర ట్రాక్ దిగి గండిపేట జలాశయం చూసి రావొచ్చు. 1908 మూసీ వరదల తర్వాత కట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్ సాగర్ ఇదే. ట్రాక్ దిగాక మామూలు రోడ్డే. ఆదివారం పొద్దెక్కే కొద్దీ కార్లు పెరుగుతాయి. అందుకే వెళ్లేటప్పుడే చూసుకోవాలి.

మూడో మెట్టు: 60 కిలోమీటర్ల పైన

రెండో మెట్టు దూరాన్ని మూడు నెలలు అలవాటు చేసుకున్నవారికి సింగూరు. సంగారెడ్డి నుంచి నాందేడ్–అకోలా హైవే మీద కొంత దూరం వెళ్లి పుల్కల్ వైపు తిరగాలి. పత్తి చేలు, చెరకు తోటలు, చివర్లో కనుచూపు మేర నీళ్లు. దాదాపు 30 టీఎంసీల జలాశయం అది. వెళ్లి రావడం 60 కిలోమీటర్లు దాటుతుంది. ఒంటరిగా వద్దు, కనీసం ముగ్గురు కలిసి వెళ్లండి. హైవే మీద పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు తొక్కండి. హెల్మెట్, వెనక ఎర్ర లైటు, పంక్చర్ సామాను, ఇంట్లో వాళ్లకు చెప్పిన తిరుగు సమయం... ఈ నాలుగూ లేకపోతే బయల్దేరొద్దు. గంట దాటిన ప్రయాణంలో ఉత్త నీళ్లు చాలవు. ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఉండాలి. 15–20 నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు తాగుతుండాలి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు.

నీళ్లు చూడటానికే

పరిశ్రమల మధ్యనున్న చెరువుల్లో ముఖం కడుక్కోవడం, పిల్లల్ని దింపడం వద్దు. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అలాంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. పడి మోకాలు గీరుకుపోతే చెరువు నీళ్లతో కాక, మీ సీసాలోని మంచినీళ్లతోనే కడగండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి.

మోకాలు, షుగర్, బీపీ

మోకాలి నొప్పికి ఎక్కువసార్లు కారణం సీటు కిందికి ఉండటం. సీటు మీద కూర్చుని పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి, దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. బరువైన గేరులో కష్టపడి తొక్కడం కన్నా తేలిక గేరులో వేగంగా కాళ్లు తిప్పడం కీళ్లకు మంచిది.

ఇన్సులిన్ తీసుకునేవారు, సల్ఫోనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు వాడేవారు పరగడుపున సైకిల్ ఎక్కొద్దు. ఒక అరటిపండు తిని, జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే దిగి నోట్లో వేసుకోండి. చెప్పులతో కాదు, బూట్లతోనే తొక్కండి. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవారికి గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి గడియారం చూపే అంకెను నమ్ముకోకుండా, మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలతగా పెట్టుకోండి. నలభై దాటి షుగర్, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవారు రెండో మెట్టుకు ముందు డాక్టర్‌ను కలవాలి. తొక్కుతుంటే ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే అక్కడే ఆగి 108కి ఫోన్ చేయండి. ‘ఇంకో కిలోమీటరే కదా’ అనుకోవద్దు.

షిఫ్టు డ్యూటీ ఉంటే

ఇక్కడి ఇళ్లలో చాలామందికి వారం వారం షిఫ్టు మారుతుంది. నైట్ షిఫ్టు దిగి నేరుగా సైకిల్ ఎక్కడం ప్రమాదం. నిద్రమత్తులో ఉన్న కళ్లకు గుంత కనిపించదు. పడుకుని లేచి సాయంత్రం ఊళ్లోనే అరగంట తొక్కండి. షిఫ్టులు మారే వేళ, అంటే ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో కంపెనీ బస్సులు వరసగా కదులుతాయి. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం దారులను ఆ వేళల్లో వదిలేయండి.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లెక్క వేస్తే మామూలు రోజుల్లో రెండుసార్లు 40 నిమిషాలు, ఆదివారం చెరువు దాకా 70 నిమిషాలు. అంతే. సింగూరు ఎక్కడికీ పోదు. ఈ ఆదివారానికి టైర్లలో గాలి కొట్టించి, సీటు సరిచేసుకుని, ఇంటికి దగ్గరలోని చెరువు దాకా వెళ్లి రండి.