అద్దంలో గాజు లేదు!
లడాఖ్‌లోని హాన్లేలో, దాదాపు 4,300 మీటర్ల ఎత్తున, మేస్ అనే టెలిస్కోప్ ఉంది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ తోడ్పాటుతో బార్క్ కట్టింది. దాని అద్దం వెడల్పు 21 మీటర్లు. అంత గాజు ఎవరు మోస్తారు? అందుకే 1,424 లోహపు పలకలు పేర్చారు. పలక లోపల తేనెపట్టులాంటి గూళ్లు, కాబట్టి తేలిక. పైనున్న అల్యూమినియాన్ని వజ్రపు మొనతో చెక్కి మెరుపు తెస్తారు.

గాజంత నునుపు వస్తుందా? రాదు. రానక్కర్లేదు కూడా! గామా కిరణాలు నేల దాకా రావు. అవి గాలిని ఢీకొన్నప్పుడు కొన్ని నానోసెకన్లు మెరిసే నీలి వెలుగునే మేస్ పట్టుకుంటుంది. దానికి నక్షత్రాల ఫొటోలంత స్పష్టత అక్కర్లేదు, వీలైనంత వెలుగు చాలు. గాజును ఓపిగ్గా అరగదీసే ఖర్చు అలా తప్పింది. కోడ్ రాసుకునే నాకు ఈ లెక్క తెగ నచ్చేసింది.

అన్నట్టు, దీనికి గోపురం కూడా లేదు. హాన్లే చలి, దుమ్ము అన్నీ ఈ పలకల మీదే.