విశ్వాన్ని ముక్క కోసి చూద్దాం

పుచ్చకాయ కొనేటప్పుడు దుకాణదారు చిన్న ముక్క కోసి లోపలి ఎరుపు చూపిస్తాడు. దాన్నిబట్టి కాయంతా ఎలా ఉందో మనం ఊహిస్తాం. ఖగోళ శాస్త్రజ్ఞులకు కూడా విశ్వంలో దొరికేది ముక్కే.

1986లో అమెరికాలో వాలెరీ ద లాపరాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా అనే ముగ్గురు ఆకాశంలో 117 డిగ్రీల పొడవు, 6 డిగ్రీల వెడల్పు గల పట్టీలో సుమారు 1100 గెలాక్సీలకు పటం గీశారు. పటం విప్పిన విసనకర్రలా ఉంది. పిడి దగ్గర ఉన్నది మనం. గెలాక్సీలు ఆవాలు చల్లినట్టు సమంగా లేవు; సబ్బు నురగలో బుడగల గోడల మీద అతుక్కున్నట్టు కనిపించాయి. 1989 నాటికి వాటిలో ఒక గోడ పొడవు 50 కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే అని తేలింది. ఇంతటి గోడను గురుత్వాకర్షణ కట్టగలదా?

ప్రయోగశాలలో విశ్వాన్ని తయారు చెయ్యలేం. కనుక కంప్యూటర్‌లో చేశారు. 2005లో జర్మనీలో ‘మిలీనియం’ అనే లెక్క పూర్తయింది. ఒక్కో అంచు 200 కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన ఘనంలో, కృష్ణ పదార్థానికి బదులుగా వెయ్యి కోట్లకు పైగా కణాలు పెట్టి, అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ ఎలా ముద్దకడతాయో చూశారు. ఆ ముద్దల్లో గెలాక్సీలు ఎలా పుడతాయో మరో లెక్క కట్టారు.

ఇక పోల్చడమే తరువాయి అనుకుంటున్నారా? కంప్యూటర్‌లో ఉన్నది ఘనం, ఆకాశంలో దొరికింది విసనకర్ర. ముందు ఘనంలో ఒకచోట మనం నిలబడినట్టు భావించి, అక్కడినుంచి అదే కోణాలతో ముక్క కొయ్యాలి.

అదీ చాలదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని మీరు చదివే ఉంటారు. దూరాన ఉన్న మసక గెలాక్సీలు దూరదర్శినికి అందవు. కనుక కంప్యూటర్ గెలాక్సీల్లోనూ అలాంటివాటిని కొట్టెయ్యాలి. పాలపుంత ధూళి అడ్డొచ్చే దిక్కులను వదిలెయ్యాలి. వంద కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే వెలుగు వంద కోట్ల ఏళ్ల కిందటిది కనుక, బాగా లోతుకు పోతే అక్కడ ఘనం పాత రూపాన్నే వాడాలి. ముక్క ఘనాన్ని దాటిపోతే పక్కన అదే ఘనం నకలు పేర్చాలి. అప్పుడు ఒకే గుంపు రెండుసార్లు కనపడకుండా కత్తిని కాస్త ఏటవాలుగా పెట్టాలి.

అన్నిటికన్నా తమాషా మరొకటుంది. గెలాక్సీ దూరాన్ని దాని వర్ణపటరేఖలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూసి లెక్కిస్తారు. ఆ జరుగుడులో విశ్వవ్యాకోచంతోపాటు గెలాక్సీ సొంత పరుగు కూడా కలుస్తుంది. గుంపులో గెలాక్సీలు అటూ ఇటూ పరుగెత్తడం వల్ల, గుండ్రని గుంపు పటంలో మనవైపు చూపించే వేలులా సాగిపోతుంది. 1986 పటం నడుమ కోమా గుచ్ఛం అలాగే ఉంది. కంప్యూటర్‌కు అసలు దూరాలు తెలుసు. అయినా ఈ పొరపాటును అందులోనూ చెయ్యాలి!

చక్కని లెక్కను చేతులారా పాడుచెయ్యడం కదా అంటారు మీరు. ఒక ఫొటోను మరో ఫొటోతోనే పోల్చాలి, మనిషితో కాదు.

2006లో స్ప్రింగెల్, ఫ్రెంక్, వైట్ అనే శాస్త్రజ్ఞులు అసలు ముక్కలనూ కంప్యూటర్ ముక్కలనూ పక్కపక్కన అచ్చువేశారు. ఏ గెలాక్సీకి ఆ గెలాక్సీ సరిపోదు. మొదట్లో పదార్థపు హెచ్చుతగ్గులను యాదృచ్ఛికంగానే పెట్టారు మరి. కాని అవే బుడగలు, మనవైపు చూపించే అవే వేళ్లు, అంతంత గోడలు కంప్యూటర్ ముక్కల్లోనూ ఉన్నాయి.