తలాపున మెత్తని పలక, గోడకు గట్టి పట్టు

మంచం తలాపున ఉండే మెత్తని పలకను మనం సాధారణంగా అలంకారంగానే చూస్తాం. నిజానికి అలంకారంతో ఏ పనీ లేనివారికే దాని అవసరం ఎక్కువ. బిడ్డకు పాలిచ్చే బాలింతకు, మోకాళ్ళ నొప్పులతో నేలమీద కూర్చోలేక ఇషా తర్వాత మంచంమీదే తస్బీహ్ పట్టుకుని కూర్చునే దాదీమాకు, ఆయాసంతో వెల్లకిలా పడుకోలేని రోగికి వీపు వెనుక ఆసరా కావాలి. దిండ్లు పేర్చితే జారిపోతాయి. ఉత్త గోడ చలికాలంలో చల్లగా తగులుతుంది, పైగా దానికి తలనూనె మరక పట్టేస్తుంది.

దీనికోసం కొత్త మంచం కొనవలసిన పని లేదు. పలకను మంచానికి కాక గోడకు బిగిస్తే పాత ఇనుప మంచమైనా సరిపోతుంది. అయితే పలక బరువు, దానికి ఆనుకునే మనిషి ఒత్తిడి రెండూ గోడలోని స్క్రూల మీదే పడతాయి. పట్టు తప్పి అది ఊడితే పడేది నిద్రపోతున్న పిల్లల తలమీదనే. మనవారు దుకాణానికి వెళ్ళి ముందుగా వెల్వెట్ రంగు చూస్తారు. ముందు చూడవలసింది గోడను.

ఆరడుగుల వెడల్పు మంచాన్ని తీసుకుందాం. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తుకు కోయించుకోవాలి. ఫోమ్, బట్ట, బద్దలతో కలిపి బరువు పదిహేను కిలోల దాకా వస్తుంది. పరుపు పైభాగం కంటే నాలుగైదు అంగుళాలు కిందికి దిగేలా ఎత్తు చూసుకుంటే సందులోకి దిండ్లు జారవు.

గోడకు తగిలించేందుకు వడ్రంగులు వాడే ఏటవాలు బద్దల పద్ధతి మేలైనది. 18 మిల్లీమీటర్ల మందం, ఐదంగుళాల వెడల్పు, ఐదడుగుల పొడవు గల బద్దను నిలువునా మధ్యకు 45 డిగ్రీల ఏటవాలుతో కోయిస్తే రెండు బద్దలవుతాయి. ఒకదానిని, ఏటవాలు అంచు పైకి ఉండి గోడవైపు దిగేలా, గోడకు బిగించాలి. రెండవదానిని తలకిందులు చేసి పలక వెనుక అమర్చాలి. పలకను ఎత్తి తగిలించగానే రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, పలక బరువే దానిని గోడవైపు లాగుతుంది. పలక అడుగున అంతే మందం గల పట్టీని కొట్టకపోతే ఆనుకున్నప్పుడల్లా పలక ఊగుతుంది.

రసమట్టం పెట్టి గీత గీసుకున్నాక అడుగుకొకటి చొప్పున ఐదు రంధ్రాలు చాలు. 8 మిల్లీమీటర్ల ప్లగ్గులు, మూడంగుళాల స్క్రూలు వాడాలి. డ్రిల్లు చేసేటప్పుడు రాలే పొడిని గమనించండి. మొదట బూడిదరంగు పొడి వస్తుంది, అది గోడ పూత. తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక తగిలిందని అర్థం. పూతలోనే నిలిచిన ప్లగ్గు బరువు మోయదు. ఎర్రపొడి బదులు మళ్ళీ బూడిదపొడే వస్తుంటే అది ఇటుకల మధ్య సిమెంటు అతుకు కావచ్చు, రంధ్రాన్ని కాస్త జరపడం మంచిది. బోలు సిమెంటు దిమ్మెల గోడకైతే దానికి తగిన ప్లగ్గులు వేరుగా దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. స్విచ్చుబోర్డుకు నేరుగా పైన, కింద ఎన్నడూ డ్రిల్లు పెట్టరాదు, కరెంటు తీగలు సాధారణంగా ఆ దారిలోనే వెళతాయి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ముందుగా తీసుకోవాలి. అది అమానత్.

ఇక మెత్తదనం సంగతి. రెండంగుళాల ఫోమ్‌ను, 32 సాంద్రత గలదానిని, పలకకు జిగురుతో అతికించాలి. దానిపై పాత దుప్పటిని అస్తరుగా లాగి బిగిస్తే పైబట్ట నునుపుగా కూర్చుంటుంది. పైబట్ట నాలుగు వైపులా ఐదేసి అంగుళాలు అదనంగా ఉండాలి. 54 అంగుళాల పన్నా బట్టయితే రెండుంబావు మీటర్లు సరిపోతుంది. స్టేప్లర్ గన్‌తో ఒక మూల నుంచి వరుసగా పిన్నులు కొట్టుకుంటూ పోతే బట్ట వంకర తిరుగుతుంది. ప్రతి వైపూ నడిమధ్యన ఒక పిన్ను కొట్టి, ఎదురెదురు వైపులను మార్చి మార్చి లాగుతూ రావాలి. మూలలు చివరన మడవాలి. వెనుక బద్దను, అడుగు పట్టీని వెనుకవైపు నుంచే 25 మిల్లీమీటర్ల స్క్రూలతో, జిగురు కూడా రాసి బిగించాలి. అంతకంటే పొడవైన స్క్రూ వాడితే మొన ముందుకు పొడుచుకువస్తుంది.

తలకు నూనె రాసుకునే మన ఇళ్ళలో లేతరంగు వెల్వెట్ ఆరు నెలలు కూడా ఆగదు. రెక్సిన్ తుడిస్తే శుభ్రమవుతుంది కాని ఎండాకాలం వీపుకు చెమట పట్టిస్తుంది. ముదురు రంగు నూలుబట్ట వేసి, తల ఆనేచోట ఉతకడానికి వీలైన తొడుగు వేసుకోవడం నా దృష్టిలో ఉత్తమం.

స్నానాలగది గోడకు, వర్షపు చెమ్మ దిగే గోడకు దీనిని బిగించకండి, ప్లైవుడ్ ఉబ్బి బట్టకు బూజు పడుతుంది. మంచి గోడకైనా వెనుక సందులో దుమ్ము చేరుతుంది, నల్లులు గూడు కట్టుకుంటాయి. ఈ పద్ధతిలో ఇద్దరు మనుషులు పలకను పైకెత్తి ఇట్టే దించవచ్చు. రంజాన్‌కు ముందు ఇల్లు దులిపే రోజున దించి ఎండలో పెట్టండి, గోడ బద్దకున్న ఐదు స్క్రూలనూ అప్పుడే ఒకసారి బిగించి చూడండి.