టైరు మీది అంకెలు చదువుడు నేర్సుకుందాం

చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఇప్పుడు ఎడ్లబండి లేని ఊరు ఉన్నది గని కారు లేని ఊరు లేదు. భూమి అమ్మినోళ్ల ఇంటి ముందట ఒక కారు, అమ్మనోళ్ల ఇంటి ముందట ఫైనాన్స్ మీద తెచ్చిన కారు. గచ్చిబౌలికి, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు క్యాబులు తోలేది మన పిల్లగాండ్లే. నడిరాత్రి టమాట, క్యారెట్ లోడు ఏసుకొని పట్నం మార్కెట్‌కు పోయేది మన పిల్లగాండ్లే. బండి కొనేటప్పుడు రంగు సూస్తం, పాటల డబ్బా సూస్తం, కిస్తీ ఎంతో సూస్తం. టైర్లు అరిగి గుండైనంక దుకాణం కాడికి పోయి "ఏదో ఒకటి మంచిది ఎయ్యన్నా" అంటం. ఆ "ఏదో ఒకటి" కాడనే నాకు పంచాయితీ ఉన్నది.

మనం తిరిగేది బీజాపూర్ రోడ్డు మీద. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేస్తమని ఏండ్ల సంది చెప్పిండ్రు. మర్రిచెట్లు ఒక దిక్కు, కోర్టులు ఒక దిక్కు, గుత్తేదార్లు ఒక దిక్కు అయ్యి, జనం మాత్రం టిప్పర్ల నడుమ పడ్డరు. 2025 నవంబర్ 3 పొద్దుగాల మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ వచ్చి ఆర్టీసీ బస్సును గుద్దినప్పుడు ఎన్ని ఇండ్లల్ల దీపం ఆరిందో మనకు ఎరుకే. రోడ్డు, టిప్పర్, సర్కారు మన చేతుల లేవు. వాటి గురించి కొట్లాడుతనే ఉండాలె. గని మన బండి భూమిని తాకేది నాలుగు జాగల్లనే, ఒక్కొక్కటి మన అరచెయ్యంత. కొట్టిన బ్రేకు, తిప్పిన స్టీరింగు అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదికెల్లే రోడ్డుకు దిగాలె. అవి మన చేతుల ఉన్నయి.

మొన్న మొయినాబాద్‌ల ఒక పంక్చర్ దుకాణం కాడ ఒక తమ్ముడు కలిసిండు. డిజైర్ క్యాబు తోల్తడు. "అన్నా, కొత్త టైర్లు ఏయించిన సంది మా ఊరి స్పీడ్ బ్రేకర్‌కు బండి కింద గీరుతున్నది. ఎయిర్‌పోర్టుకు పోయి వస్తే కిలోమీటర్లు సుత ఎక్కువ సూపిస్తున్నయి" అన్నడు. బండి పాడైందని ఆయన భయం.

"పాత టైరు నంబర్ ఎంత తమ్మీ?" అన్న. ఎరుక లేదు. డ్రైవర్ దిక్కు డోర్ తెరిపించిన. డోర్ మూసుకునే కాడ, ఇనుప కంబానికి ఒక స్టిక్కర్ ఉంటది. శానామంది దాన్ని కంపెనీ ముద్ర అనుకుంటరు. అండ్ల టైరు సైజు, కొట్టాల్సిన గాలి రాసి ఉంటది. ఆయన బండికి 165/80 ఆర్14 అని ఉన్నది. కింద సూస్తే ఏసింది 185/65 ఆర్14. "రిమ్ము 14ఏ, ఇదీ 14ఏ, పైంగ వెడల్పు ఎక్కువ, రోడ్డును మంచిగ పట్టుకుంటది" అని దుకాణపాయన అన్నడట.

ఆయన అన్నదాంట్ల అబద్ధం లేదు గని సగమే ఉన్నది. టైరు కొలత రాసినోడు ఎవడోగని తిక్కతిక్కగ రాసిండు. మొదటి అంకె మిల్లీమీటర్లు, రెండోది శాతం, మూడోది అంగుళాలు. 165 అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. 80 అంటే 80 మిల్లీమీటర్లు కాదు. రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పుల నూటికి 80 వంతులు. అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము అడ్డంగ 14 అంగుళాలు. నడుమల ఉన్న ఆర్ అంటే రిమ్ము అనుకుంటరు. కాదు, రేడియల్. టైరు లోపలి తాళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకు సీదాగ అల్లిన టైరు అన్నట్టు. అడ్డదిడ్డంగ అల్లిన పాత రకం టైర్లు కార్లకు ఇప్పుడు దొరుకుడే అరుదు.

ఇగ లెక్క చేద్దాం. ఫోన్ల క్యాల్కులేటర్ ఉన్నది కద. గోడ కిందొకటి, మీదొకటి. 132 రెండు సార్లు 264. రిమ్ము 14 అంగుళాలు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, మొత్తం 355.6. రెండూ కలిపితే చక్రం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. తమ్ముడు ఏయించిన 185/65 ఆర్14 లెక్క చెయ్యి. 185ల 65 వంతులు 120.25, రెండు సార్లు 240.5, దానికి 355.6 కలిపితే 596.1. చక్రమే 23 మిల్లీమీటర్లకు పైన పొట్టిగైంది. చక్రం నడుమనుంచి కిందికి అండ్ల సగం, అంటే బండి 12 మిల్లీమీటర్ల దాకా భూమి దిక్కు దిగింది. స్పీడ్ బ్రేకర్‌కు గీరుడు గందుకే. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ సార్లు తిరుగుతది. మీటరు లెక్కపెట్టేది చక్రం తిరుగుడునే గని రోడ్డును కాదు. అది వంద కిలోమీటర్లు అని సూపిస్తే ఆయన నడిచింది 96 మీద కొంచెం. బండి పాడైందని భయపడ్డడు పాపం, పాడైంది టైరు లెక్క.

అదే 14 రిమ్ముకు జర వెడల్పు టైరు కావాలనుకుంటే 185/70 ఆర్14 ఉన్నది. లెక్క చేస్తే 614.6 వస్తది, అసలు దానికి అయిదు మిల్లీమీటర్లే తక్కువ. కంపెనోళ్లు ఇదే పద్ధతి చేస్తరు. అదే డిజైర్ల ఖరీదు మోడల్‌కు 185/65 ఆర్15 ఇస్తరు. దాని ఎత్తు 621.5. రిమ్ము పెద్దగైంది, గోడ పొట్టిగైంది, వెడల్పు పెరిగింది, చక్రం ఎత్తు మాత్రం రెండు మిల్లీమీటర్లు తేడా రాలేదు. అసలు సూత్రం ఇదే. వెడల్పు మారితే రెండో అంకె మారాలె, రిమ్ము మారితే సుత మారాలె, చక్రం మొత్తం ఎత్తు మాత్రం మారొద్దు. పాత ఎత్తుకు నూటికి మూడు కంటే ఎక్కువ తేడా రావొద్దని తెలిసిన మెకానిక్కులు చెప్తరు. తమ్ముడిది నాలుగు దగ్గరికి పోయింది.

ఎక్కువైతే ఇంకా మోసం. మొయినాబాద్ ఫాంహౌజుల బండ్లను సూసి బొలెరోలకు పెద్ద టైర్లు ఎక్కిస్తున్నరు. 215/75 ఆర్15 ఉండేకాడ 235/75 ఆర్15. ఎత్తు 703.5 నుంచి 733.5కు పోతది. మీటర్ల 80 సూపిస్తుంటే బండి 83 దాటి పోతుంటది. బ్రేకులు మాత్రం పాతయే, పెద్ద చక్రాన్ని ఆపేందుకు అవి ఎక్కువ కష్టపడాలె. స్టీరింగ్ నిండ తిప్పితే టైరు పోయి మడ్‌గార్డుకు రాసుకుంటది. ఫొటోకు మంచిగనే ఉంటది.

వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ పట్టుకుంటదన్న మాట ఎండల, మంచి రోడ్డు మీద కొంత నిజం. వానల నీళ్లు నిలిచిన కాడ వెడల్పు టైరు నీళ్లను తోసెయ్యలేక వాటి మీదనే తేలుతది. హిమాయత్‌సాగర్ దిక్కు వాన కొట్టినప్పుడు రోడ్డు ఎట్లుంటదో నేను చెప్పాల్సిన పని లేదు. డీజిల్ సుత ఎక్కువ తాగుతది.

ఇంత చెప్పినంక అసలు ముచ్చట ఇంకా ఉన్నది. సైజు వెనక ఇంకో చిన్న అంకె, ఒక అక్షరం ఉంటది. 165/80 ఆర్14 85టీ అని. 85 అంటే ఒక టైరు మోసే బరువుకు గుర్తు, 85 అంటే 515 కిలోలు. టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటదని. స్పీడు సంగతి మనకు అంత పని లేదు, బీజాపూర్ రోడ్డు మీద 190 పోయేటోనికి టైరు కాదు, తలకాయ మార్చాలె. బరువు అంకె మాత్రం మనకు అన్నం పెట్టేది, ప్రాణం తీసేది.

ఎట్లనో చెప్త. పాత ఆల్టోకు 145/80 ఆర్12 టైరు. కూరగాయలు తోలే టాటా ఏస్‌కు 145 ఆర్12 ఎల్‌టీ, పక్కన 8పీఆర్ అని ఉంటది. సూసేటోనికి రెండు ఒక్కటే లెక్క. వెడల్పు అదే, రిమ్ము అదే, పెడితే ఎక్కుతది, నట్లు బిగుస్తయి. ఆల్టో టైరు అగ్గువకు దొరుకుతది, పాతది అయితే ఇంకా అగ్గువ. గని ఆల్టో టైరు మీద 74 అని ఉంటది, అంటే 375 కిలోలు. ఎల్‌టీ అంటే సరుకు బండి టైరు, ఎనిమిది పొరల బలం ఉన్నదని 8పీఆర్. అది 500 కిలోలు దాటి మోస్తది. ఏస్ మీద టమాట ట్రేలు మీదికి మీదికి పేర్చినంక బరువంతా ఎనక రెండు చక్రాల మీద కూసుంటది. కారు టైరు ఆ బరువుకు గోడలు వంగి వంగి వేడెక్కుతది. మే నెల ఎండల రోడ్డు కాలుతుంటది, గాలి తక్కువుంటే వంగుడు ఇంకా ఎక్కువైతది. అప్పుడు పేలుతది. పేపర్ల "టైరు పేలి వాహనం బోల్తా" అని రాస్తరు, అది తనంతట తాను పేలినట్టు.

ఆ పిల్లగాడు అగ్గువ టైరు ఎందుకు కొన్నడంటే టమాట ధర పడిపోయినప్పుడు కిరాయి సుత పడిపోతది గనుక. నేను ఆయన్ను తిట్టలేను. గని ఎనకటి రెండు చక్రాలకైనా ఎల్‌టీ టైరు లేకుంట లోడు ఎక్కియ్యకు తమ్మీ. పైసలు తక్కువుంటే ఆ వారం అరలోడే పట్టు.

పాత టైర్ల దందా మన దిక్కు బాగ నడుస్తది. పెద్ద బండ్లోళ్లు గాళ్లు ఉండంగనే టైర్లు మార్పించుకుంటరు, విప్పినయి మన దుకాణాలకు వస్తయి. పైకి గాళ్లు నిండుగ ఉంటయి, కొత్తదాని లెక్కనే మెరుస్తది. గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఎతుకు. 2318 అని ఉంటే 2018ల 23వ వారం తయారైందని. రబ్బరు వాడకున్నా ఎండకు గట్టిపడి పగుళ్లు వస్తది. అయిదారేండ్లు దాటినదాన్ని నేనైతే అనుమానంగనే సూస్త, పదేండ్లది ఊరికే ఇచ్చినా తీసుకోను. ఒక్కోసారి ఆ నాలుగు అంకెల దిక్కు గోడను లోపలికి పెట్టి బిగిస్తరు, వంగి సూడాలె.

గాళ్ల నడుమ అడ్డంగ చిన్న దిమ్మెలు ఉంటయి. టైరు అరిగి ఆ దిమ్మెలతోని సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. కారు అంతకంటే అరిగిన టైరుతోని తిరగొద్దని మోటారు వాహనాల రూల్సుల్లనే ఉన్నది. వానకాలం మొదలుకాకముందే మార్చుకునుడు నయం.

నాలుగు కొనే పైసలు లేక రెండే కొంటే ఎక్కడ ఎయ్యాలె? శానామంది ముందటికి ఏయిస్తరు, స్టీరింగు ముందట ఉన్నదని. కొత్త జత ఎనకకే ఎయ్యాలె. ముందు చక్రాలు జారితే బండి సీదాగ పోతది, కాలు తీస్తే చేతికి వస్తది. ఎనకయి జారితే బండి గిర్రున తిరుగుతది, అప్పుడు ఎవని చేతికీ రాదు. ఒకే ఇరుసు మీద రెండు సైజులు, రెండు రకాల గాళ్లు అసలే వద్దు. స్టెప్నీ సంగతి మర్చిపోతరు. కొన్ని బండ్లకు సన్న స్టెప్నీ ఇస్తరు, దాని మీద 80 కిలోమీటర్లు దాటొద్దని రాసి ఉంటది. అది పంక్చర్ దుకాణం దాకే.

ఇంకో మాట, కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగ బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డమొస్తది. 2019ల సవరణ చేసినంక ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు సుత రాసిండ్రు. ప్రమాదమైనప్పుడు ఇన్సూరెన్సోడు టైరు సైజు సూసి కొర్రీ పెట్టేందుకు జాగ ఇయ్యొద్దు.

నాకు కోపం దుకాణపాయన మీద కంటే వేరే దిక్కు ఎక్కువ ఉన్నది. శంకర్‌పల్లి మీదికెల్లి పోతే సదాశివపేటల ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ ఉన్నది. టైరు మన పక్కన తయారైతది, మన రోడ్ల మీద అరుగుతది. దాని మీది రాతల, డోరు మీది స్టిక్కర్ల తెలుగు ముక్క ఒక్కటి ఉండదు. డ్రైవింగ్ నేర్పేటోళ్లు క్లచ్చు, గేరు, రివర్సు నేర్పిస్తరు గని డోరు తెరిచి ఈ స్టిక్కర్ సూపియ్యరు. నేను పదో తరగతి తర్వాత బడికి పోలేదు, ఇదంతా పంక్చర్ దుకాణాల కాడ కూసోని, ఫోన్ల ఎతికి నేర్సుకున్నదే. క్యాల్కులేటర్ల ఒక గుణింపు, ఒక కూడిక చాలు.

దుకాణానికి పోయే ముందట డోరు స్టిక్కర్‌ను ఫోటో తీసుకొని పో. టైరు రిమ్ముకు ఎక్కియ్యకముందే గోడ మీది సైజు, బరువు అంకె, తయారైన వారం మూడూ ఫోటోతోని పోల్చు. ఎక్కించినంక అడిగితే "ఇగ వాపస్ రాదు" అంటరు. గాలి స్టిక్కర్ మీద ఉన్నంతనే కొట్టియ్యి, లోడుకు వేరే అంకె రాసుంటే లోడు ఉన్ననాడు అది. గాలి సూసుడు పొద్దుగాల టైరు సల్లగ ఉన్నప్పుడే, పట్నం పోయొచ్చినంక కాదు. బిల్లు మీద సైజు, వారం రాయమని అడుగు. రాయనంటే పక్క దుకాణం ఉన్నది.